బాణామతి ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల

హైస్కూలు, ఇంటర్ పిల్లల కోసం తెలుగులో దయ్యాల కథలు రావాలి అంటే చాలు, ‘పిల్లలు జడుసుకుంటారు’ అంటారు. 1947లో మొదలైన చందమామ, శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే రాజు కథను ఏళ్ల తరబడి పిల్లల చేతిలో పెట్టింది. వాళ్లు జడుసుకోవడం అటుంచి, బేతాళుడి చిక్కుప్రశ్నకు రాజు కంటే ముందే జవాబు చెప్పాలని చూశారు. 1980ల్లో వారపత్రికలను ఊపేసిన క్షుద్ర సీరియళ్లు పెద్దల కోసం రాసినవే. వాటినీ పిల్లలు దొంగచాటుగా చదివేశారు. ఇప్పుడు ఆ దొంగచాటు వ్యవహారం యూట్యూబ్‌కు మారింది. అక్కడ ఎప్పుడూ అదే పాడుబడ్డ బంగ్లా, అదే తెల్లచీర, అవే గజ్జెల చప్పుడు. పాలమూరు పిల్లలకు ఆ బంగ్లాతో ఏం పని?

నిజానికి ఇక్కడ సరుకుకు కొదవ లేదు. అలంపురం జోగులాంబ జటలో బల్లి, తేలు, గబ్బిలం, మనిషి పుర్రె ఉంటాయని చెబుతారు. సోమశిలకు ఆవలి ఒడ్డున శ్రీశైలం నీళ్లలో మునిగిన సంగమేశ్వరం గుడి ఎండాకాలం నీరు తగ్గితే బయటపడుతుంది. నల్లగొండ వైపు ఏలేశ్వరం నాగార్జునసాగర్ అడుగునే ఉండిపోయింది. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే, కొమ్మలకు వరసగా సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా పురుగుమందు ఎక్కించారు. వందల ఏళ్ల మర్రికి సెలైన్! ఆ ఒక్క ఫొటో చాలు, నవల మొదలుపెట్టడానికి.

అయినా ఇదంతా పరిసరాల వర్ణనకే సరిపోతుంది. ఇక్కడి అసలు చీకటి కథ బాణామతి, అంటే చేతబడి.

అది ఎలా నడుస్తుందో ఊళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు. రాత్రిపూట పెంకుల మీద రాళ్లు పడతాయి. దండెం మీద బట్టలకు దానంతటదే నిప్పంటుకుంటుంది. మూతపెట్టిన అన్నంలో మట్టి కనబడుతుంది. ఇంట్లో ఒకామె ఉన్నట్టుండి కుక్కలా మొరుగుతుంది. మంత్రగాడిని పిలిపిస్తారు. అతను నిమ్మకాయ కోసి, ముగ్గు వేసి ఒక పేరు చెబుతాడు. ఆ పేరు దాదాపు ఎప్పుడూ ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామెదో, పొలం గట్టు తగాదా ఉన్న పాలోళ్లదో అవుతుంది. తర్వాత జరిగేది వార్తల్లో చదివిందే. చెట్టుకు కట్టేసి కొట్టడం, మంత్రం పలకకుండా పళ్లు పీకడం, కొన్నిసార్లు తగలబెట్టడం. పొరుగున మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి వాటి మీద ప్రత్యేక చట్టాలే తెచ్చాయి.

ఇలాంటి ఇళ్లకు వెళ్లి ఆరా తీసిన హేతువాదులు చెప్పే మాట ఒకటుంది. రాళ్లు బయటి నుంచి రావు. విసిరేది చాలాసార్లు ఇంట్లో మనిషే, అదీ నోరెత్తడానికి వీల్లేని మనిషి, కొత్త కోడలో, ఎదిగే పిల్లో. యువపాఠకుల నవలకు కావలసిన కథానాయిక ఇక్కడే ఉంది. అమ్మానాన్నలు పనికోసం ముంబై పోయారు. పిల్ల అవ్వ దగ్గర ఉంటోంది. పదో తరగతి కాగానే పెళ్లి ఖాయం చేశారు. ‘‘నీకేమెరుక, ఊకో’’ అన్న మాట తప్ప ఆమెకు జవాబు దొరకదు. మన దయ్యాల కథలు ఇంతకాలం మంత్రగాడి వెనక నడిచాయి. ఆ పిల్ల వెనక ఒక్క అధ్యాయం నడిచి చూడండి, భయం రెట్టింపవుతుంది. ఆమెకు దయ్యం కంటే ముహూర్తం దగ్గరలో ఉంది కదా!

‘మరి మూఢనమ్మకాలు పెంచినట్టు కాదా?’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ హేతువాదం కరపత్రంలా కథ రాస్తే ఏ పిల్లా రెండో పేజీ తిప్పదు. అతీంద్రియ కథకు అనుమానమే ఊపిరి. బావిలో పిలిచింది ఎవరు, నల్లమలలో దారి తప్పించింది ఏమిటి అన్నవి తేలకపోయినా నష్టం లేదు. రచయిత ఒక్క దగ్గర మాత్రం అనుమానానికి చోటివ్వకూడదు. చివరి పేజీలో ‘ఆ ముసలామె నిజంగానే చేతబడి చేసింది’ అని తేల్చే కథ ఇంగ్లండులో హాయిగా చెల్లుతుందేమో, ఇక్కడ అది చెట్టుకు కట్టేసే తాడుకు ఇంకో పోగు కలుపుతుంది. పాత క్షుద్ర నవలలతో నాకున్న పేచీ ఇదే. మంత్రగాడు చెప్పిన పేరు తప్పేమో అన్న ఆలోచనే వాటిలో చాలావాటికి రాలేదు.

ముగింపు దగ్గరే అసలు టెన్షన్. రాళ్లన్నీ ఆ పిల్లే వేసిందని తేల్చేస్తే ముసలామె బదులు పిల్లను పంచాయతీలో నిలబెట్టినట్టవుతుంది. ఆమె ఒప్పుకుంటే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. నేనైతే మొదటి రాళ్లు ఎవరివో పాఠకులకు తెలిసేలా రాస్తాను. పెళ్లి ఆగిపోయాక పడిన ఆ ఆఖరి రాయి సంగతి మాత్రం ఆ పిల్లకూ తెలియనివ్వను.