రెండో సీటు ఖాళీగా ఉన్న లారీ

మా నాయనకు 58 ఏళ్లు. మాది తాడిపత్రి. ముప్పై ఏళ్లకు పైగా లారీ నడుపుతున్నారు. మొదట నాపరాళ్లు, తర్వాత సిమెంటు తోలారు. ఇప్పుడు పదేళ్లుగా అనంతపురం మండి నుంచి ఢిల్లీ ఆజాద్‌పూర్ మార్కెట్టుకు చీనీకాయలు (బత్తాయిలు) తీసుకువెళుతున్నారు. మొన్న ట్రిప్పు ముగించుకొని వచ్చినప్పుడు ఆయన క్యాబిన్ దిగడం దగ్గర నిలబడి చూశాను. ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకొని, కుడికాలిని తొడ కింద చెయ్యి పెట్టి ఎత్తి మెట్టు మీదికి దించుకున్నారు. నేల మీదికి వచ్చాక కూడా బంపరును ఆనుకొని రెండు నిమిషాలు కదలలేకపోయారు. నడుములో డిస్కు జరిగి కాలి నరాన్ని నొక్కుతోందని రెండేళ్ల కిందటే డాక్టరు చెప్పారు. తొమ్మిదేళ్లుగా షుగరు కూడా ఉంది.

ఈ మాట ఎక్కడ ఎత్తినా, డ్రైవర్లకు ఒంటి మీద శ్రద్ధ ఉండదని, డాబా తిండి, ఖైనీ, లెక్కలేనన్ని టీలే వారిని పాడుచేస్తాయని అంటారు. ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. వేళకు తినండి, రోజూ అరగంట నడవండి, నీళ్లు బాగా తాగండి, కంటినిండా నిద్రపొండి అని డాక్టరు చెప్పేవన్నీ సరైనవే. కానీ వాటిలో ఏ ఒక్కటి చేయాలన్నా కావలసిన సమయం ఆయన చేతిలో ఉండదు. అనంతపురం నుంచి కర్నూలు, హైదరాబాదు, నాగపూరు, ఝాన్సీ మీదుగా ఢిల్లీ దాదాపు 1,900 కిలోమీటర్లు. కాయ మెత్తబడకముందే మూడు రోజుల్లో మార్కెట్టుకు చేరాలి. లోడుతో సగటున గంటకు 40 కిలోమీటర్లు నడిచినా రోజుకు పదహారు గంటలు స్టీరింగు ముందే గడుస్తాయి. ఆలస్యమైతే కిరాయిలో కోత పడుతుంది, ఆయనకు వచ్చే డబ్బు కూడా ట్రిప్పు లెక్కనే వస్తుంది. ఖైనీ రుచి కోసం వేసుకునేది కాదు, తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా రెప్పలు వాలకుండా ఉండటానికి వేసుకునేది. నీళ్లు తక్కువ తాగడానికీ కారణం ఉంది. పన్నెండు చక్రాల బండిని అనుకున్న చోట ఆపలేరు, ఒంటరిగా వదిలి దూరం వెళ్తే డీజిలు దొంగల భయం. అందుకే మా వీధిలో కిడ్నీలో రాళ్లు లేని పాత డ్రైవరును వెతకాల్సి వస్తుంది.

ఇన్సులిన్ సంగతి మరీ కష్టం. వేసవిలో ఇంజను వేడికి క్యాబిన్ కాలిపోతుంటుంది కాబట్టి, మా అమ్మ ఆ మందును తడిగుడ్డలో చుట్టి ఫ్లాస్కులో పెట్టి పంపుతుంది. ప్రతిసారీ అది ఖర్చు కాకుండా వెనక్కి ఎందుకు వస్తోందని ఇటీవల అడిగితే, బండి నడిపే రోజుల్లో తాను ఇంజెక్షనే వేసుకోవడం లేదని నాయన ఒప్పుకున్నారు. వేసుకున్నాక వేళకు తిండి దొరక్కపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, ఎదుటి లైట్లు మసకబారతాయట. ఒకసారి అలా జరిగిందట. రోడ్డు మీద నలుగురిని చంపడం కంటే నా షుగరు పెరగడమే నయం కదా అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

లైసెన్సు రెన్యువల్‌కు ఐదేళ్లకొకసారి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. గతసారి నాయనకు బీపీ కూడా చూడకుండా సంతకం పెట్టి ఇచ్చారు. షుగరు ముదిరితే పాదంలో స్పర్శ తగ్గుతుంది, బ్రేకు మీద కాలు ఎంత గట్టిగా పడిందో తెలియదు. యాభై దాటిన డ్రైవర్లకు ఏడాదికొకసారి రక్తం, కంటి నరాలు, పాదాల పరీక్షలు ఉచితంగా, శ్రద్ధగా చేయాలి. తేడా ఉందని తేలితే లైసెన్సు లాక్కోవడంతో సరిపెట్టకుండా, దగ్గరి దూరాల పని చూపించాలి. లేకపోతే ఎవరూ పరీక్షకే రారు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది రెండో సీటు. ఒకప్పుడు దేశమంతా తిరిగే నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలనే నిబంధన ఉండేది. 2018లో దాన్ని తీసేశారు. ఒకరు నడుపుతుంటే మరొకరు వెనక బెర్తు మీద నడుము వాల్చే ఆ కాస్త ఊరట కూడా పోయింది, క్లీనర్లూ తగ్గిపోయారు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని, ఐదు గంటలకొకసారి కనీసం అరగంట విశ్రాంతి అని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. కానీ అది ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకు రాసిన చట్టం. మా ప్రాంతంలో ఫైనాన్సు మీద ఒకటి రెండు బండ్లు కొనుక్కున్న ఓనర్లే ఎక్కువ. వారికీ నెల తిరిగితే కిస్తీ భయమే కాబట్టి, నేను వారిని మాత్రమే తప్పుపట్టలేను. రెండో డ్రైవరు జీతం కిరాయిలోనే కలవాలి, ఆ భారాన్ని సరుకు పంపేవారు మోయాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. నాయన బండి పాతది, ఆ చల్లదనం ఆయన దాకా రాదు.

ఆదివారం లోడు ఎత్తాలని ఫోను వచ్చింది. తోడుగా ఇంకో డ్రైవరును పంపితేనే బండి తీస్తానని నాయన మొదటిసారి అన్నారు. అటువైపు నుంచి ఇంకా ఏ కబురూ రాలేదు. అమ్మ మాత్రం ఫ్లాస్కు కడిగి ఆరబెట్టింది.