సవరణ: ఫోను సార్ పరిమితి

విజయనగరం గంటస్తంభం దగ్గర ఫోను కొనేవారి కోసం రాసిన వివరాల్లో సార్ (ఫోను వాడేటప్పుడు ఒంటి కణజాలంలోకి చేరే రేడియో శక్తి కొలత) పరిమితి కిలోకు 2 వాట్లని ఉంది. అది ఐరోపా లెక్క, 10 గ్రాముల కణజాలంపై తీసే సగటు. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి పరిమితి 1.6 వాట్లే, అదీ 1 గ్రాముపై సగటు. తేడా చిన్నది కాదు: కొలిచే ముక్క చిన్నదైతే ఒకేచోట పోగయ్యే శక్తి సగటులో కలిసిపోదు. మన నియమమే కఠినం. దుకాణంలోనే స్టార్, హ్యాష్, 07, హ్యాష్ నొక్కండి. చాలా ఫోన్లలో తలకూ ఒంటికీ విడివిడిగా సార్ అంకెలు వస్తాయి.

ఇంకొకటి. సెట్టింగుల్లోని ‘ఓపెన్ సోర్స్ లైసెన్సులు’ భద్రతా ధ్రువపత్రం కాదు. ఫోనులో వాడిన సాఫ్ట్‌వేర్ ఎవరిది, ఏ షరతులపై ఇచ్చారు అన్న ప్రకటన మాత్రమే.