వీగన్ హోటల్లో మాంసప్రియుడికి పస్తేనన్నది అబద్ధం

కొన్నాళ్లుగా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "మాంసం తినేవాడు వీగన్ హోటల్‌కి పోతే పస్తే. అక్కడ పెట్టేది గడ్డి. రుచి ఉండదు, ప్రోటీన్ ఉండదు, బిల్లు మాత్రం వాచిపోతుంది. అసలు ఈ వీగన్ పిచ్చి మనది కాదు, హైదరాబాదోడికి దాంతో పనే లేదు." వీగన్ అంటే మాంసం, గుడ్లే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా వాడని తిండి. నేనైతే మటన్ లేకుండా ఆదివారం గడవని ఇంట్లో పుట్టాను, ఇప్పటికీ ఇష్టంగా తింటాను. అయినా ఈ మెసేజ్ చూసినప్పుడల్లా కోపమొస్తోంది. వీగన్లను తిడుతున్నామనుకుని మన వంటనే తక్కువ చేసుకుంటున్నాం.

ముందు రుచి సంగతి. బిర్యానీతో పాటు వచ్చే మిర్చీ కా సాలన్‌లో ఏముంటుంది? వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి మెత్తగా నూరి, చింతపండు పులుసు పోసి, నూనె పైకి తేలేదాకా ఉడికిస్తారు. కొందరు కాస్త పెరుగు వేస్తారు, వెయ్యకపోయినా లోటేమీ ఉండదు. బగారా బైంగన్‌దీ దాదాపు అదే మసాలా. మటన్ బిర్యానీలో కలుపుకుని లొట్టలేసుకుంటూ తినే సాలన్‌నే వీగన్ హోటల్ వాళ్లు వడ్డిస్తే గడ్డి అయిపోతుందా?

మాంసం రుచిలో మసాలా వాటా ఎంతో కూడా ఆలోచించాలి. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్ ముక్క మనలో ఎంతమందికి దిగుతుంది? ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, షాజీరా, రాతిపువ్వు, పుదీనా కలిస్తేనే వీధి చివరిదాకా వాసన వస్తుంది. పెనం మీద ఎర్రబడేటప్పుడు పుట్టే రుచి పుట్టగొడుగుకూ వస్తుంది, వంకాయకూ వస్తుంది. తిన్నాక నాలుక మీద కాసేపు నిలిచే ఆ కమ్మదనానికి ముఖ్య కారణం గ్లుటమేట్ అనే పదార్థం. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా ఆ రుచిని గుర్తించింది సముద్రపు నాచుతో కాచిన చారులో. అది మన టమాటాలోనూ దండిగా ఉంది.

పనసకాయ బిర్యానీనే తీసుకోండి. లేత కాయ ముక్కల్ని ముందు నూనెలో వేయించి, మసాలా పట్టించి దమ్ చేస్తే, చెంచాతో నొక్కగానే పీచులు పీచులుగా విడిపోతాయి. ఆ సందుల్లోకంతా మసాలా దిగి ఉంటుంది. గోదావరి జిల్లాల పెళ్లిభోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూరకు ఉన్న గౌరవం ఊరికే రాలేదు. పైగా వీగన్ వంటవాడికి పనీర్ లేదు, వెన్న లేదు, క్రీమ్ లేదు. మామూలు వెజ్ హోటళ్లలో సగం కూరల్ని లాక్కొచ్చేవి అవే. అవి లేకుండా మెప్పించాలంటే మసాలా మీద పట్టు ఉండి తీరాలి.

నల్లి ఎముక పీల్చే సుఖం మాత్రం అక్కడ దొరకదు. హలీమ్‌లో గోధుమ, పప్పులు ఎంత బాగా కుదిరినా, తీగలా సాగే ఆ గుణం మాంసం వల్లే వస్తుంది. అందుకే మాంసాన్ని అనుకరించే నకిలీ కబాబుల జోలికి పోవద్దంటాను. పోలిక పెట్టుకుని తింటే నిరాశే మిగులుతుంది.

ప్రోటీన్ లేదనడం శుద్ధ తప్పు. ఎండు మీల్ మేకర్ 100 గ్రాముల్లో సుమారు 52 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. నానితే బరువు పెరుగుతుంది కాబట్టి ఎండువి లెక్కేసుకోవాలి: 40 గ్రాములు పడిన కూరలో 20 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలు, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50. ప్రోటీన్‌లో భాగమైన లైసిన్ అన్నంలో తక్కువ, ఆ లోటును పప్పు పూడుస్తుంది. బి12 మాత్రం మొక్కల తిండిలో నమ్మదగినంత దొరకదు, పూర్తిగా వీగన్ అయినవాళ్లు విడిగా తీసుకోవాల్సిందే. ఒక్కపూట భోజనానికి వెళ్లేవాడికి ఆ టెన్షన్ ఎందుకు?

ఇక మనది కాదన్న మాట. వీగన్ సొసైటీ 1944లో ఇంగ్లండులో పుట్టిన మాట నిజమే. కానీ పులిహోర, సర్వపిండి, జొన్నరొట్టె, గోంగూర పచ్చడి ఎవరివి? విదేశీ అని వదిలెయ్యాలంటే ముందు మిరపకాయను, పల్లీని వదులుకోవాలి. రెండూ అమెరికా ఖండాల పంటలే, పోర్చుగీసులు వచ్చాకే మనకు చేరాయి. తెలంగాణలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులని కేంద్ర ప్రభుత్వ 2014 ఎస్ఆర్ఎస్ సర్వే చెప్పిన మాటనూ ఈ మెసేజ్‌కి తగిలిస్తున్నారు. ఆ లెక్క మాంసం తింటారా అన్నదానికే. శనివారం ముట్టనివాళ్లు, కార్తీకమాసమంతా మానేసేవాళ్లు, వారంలో ఎక్కువ రోజులు పప్పూ కూరతోనే గడిపేవాళ్లు ఆ 99లోనే ఉన్నారు.

బిల్లు విషయంలో మెసేజ్‌తో కొంత ఏకీభవిస్తాను. జీడిపప్పు, బాదం పాలతో చేసేవాటికి ఖర్చవుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆకులు తరిగి గిన్నెలో వేసి బిర్యానీ ధర అడగడం అన్యాయం. మెనూలో ఆ సలాడ్ల పేజీ తిప్పేసి పప్పు, సాలన్, పనసకాయ బిర్యానీ చెప్పండి.