పిల్లికి పాలు పోస్తే ఉరి

నిన్న మా కజిన్ ఒక రీల్ పంపింది. పుట్టిన నెల నొక్కితే మన ఆత్మకు తోడుండే జంతువేదో చెబుతుందట. నాకు నల్లపిల్లి వచ్చింది. దాన్ని ‘ఫెమిలియర్’ అంటారని, అది ఉండటం అదృష్టమని కూడా చెప్పారు.

అదృష్టమా? ఆ మాట ఇంగ్లండులో ఎంతమంది ఆడవాళ్ల మెడకు చుట్టుకుందో చదివాక నాకైతే ఒళ్లు మండింది.

1566లో ఎసెక్స్‌లోని చెమ్స్‌ఫర్డ్‌లో ఆగ్నెస్ వాటర్‌హౌస్ అనే పేద ముసలమ్మ మీద చేతబడి కేసు నడిచింది. ఆమె పిల్లి పేరు సేతన్, అంటే సైతాను. అది ఫెమిలియర్ అని, అంటే మంత్రగత్తె చెప్పిన పనల్లా చేసిపెట్టే దయ్యమని అభియోగం. (నల్లది కూడా కాదు, తెలుపు మీద మచ్చలది. రీల్ చేసినవాళ్లు గమనించగలరు.) ఎలిజబెత్ ఫ్రాన్సిస్ అనే ఆవిడ ఒక కేకు అడిగి, బదులుగా ఆ పిల్లిని ఇచ్చిందట. ఆవిడకేమో చిన్నప్పుడు వాళ్ల అవ్వ ఇస్తూ, రొట్టె, పాలు పెట్టి బుట్టలో ఉంచుకోమందట. మనమైనా పిల్లిపిల్లను ఇచ్చేటప్పుడు చెప్పే జాగ్రత్తలు ఇవేగా! రక్తపు చుక్కలు తాగించడం, ఊళ్లో పశువుల్ని చంపించడం లాంటివన్నీ దానికి తోడయ్యాయి.

నన్ను వదలనిది మాత్రం ఉన్ని ముక్క. పిల్లిని ఆగ్నెస్ కుండలో ఉన్ని వేసి పడుకోబెట్టేదట. చేతిలో డబ్బాడక ఆ ఉన్ని కావాల్సొచ్చి, పిల్లిని కప్పగా మార్చేసిందట. కప్పకు ఉన్నితో పనిలేదు కదా! సైతానే ఇంట్లో ఉన్న మనిషికి గుప్పెడు ఉన్నికి గతిలేకపోవడం ఏంటని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఉరితీశారు.

1604 నాటి చేతబడి చట్టమైతే దుష్టశక్తికి తిండి పెట్టడాన్నీ మరణశిక్ష పడే నేరం చేసింది. ఇక ఇంట్లో పాలగిన్నె పెట్టుకున్న ఒంటరి ముసలమ్మ గతేంటి?

1645లో మాథ్యూ హాప్కిన్స్ అనేవాడు మంత్రగత్తెల్ని పట్టిస్తానని బయల్దేరాడు. అదే ఎసెక్స్‌లోని మ్యానింగ్‌ట్రీలో ఎలిజబెత్ క్లార్క్ అనే ఒంటికాలి ముసలమ్మను రాత్రుళ్లు కునుకు తియ్యనివ్వకుండా కూర్చోబెట్టి, ఆమె దయ్యాలు ఎప్పుడొస్తాయా అని కాపలా కాశారు. నాలుగో రాత్రి ఆమె పేరుపేరునా పిలిచిందట, అవి వచ్చాయట. కాళ్లే లేని బొద్దు కుక్క జార్మారా. ఎద్దు తలకాయున్న వేటకుక్క వినెగర్ టామ్. ‘శాక్ అండ్ షుగర్’ అనే నల్ల కుందేలు, అంటే మన భాషలో ద్రాక్షసారా-పంచదార. ఆ జులైలోనే ఆమెనూ చెమ్స్‌ఫర్డ్‌లో ఉరితీశారు. ఇలాంటి పేర్లు మానవమాత్రులు కల్పించలేరని హాప్కిన్స్ పుస్తకంలో రాసుకున్నాడు.

అయ్యా, తమరు మా వీధికి రావాల్సింది. నా చిన్నప్పుడు ఎదురింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. మూడు పిల్లులు. వాటి పేర్లు కలెక్టరు, బొబ్బట్టు, చిన్నకోడలు. సాయంత్రం గడప దగ్గర పెరుగన్నం కలుపుతూ ‘ఏమే చిన్నకోడలా, ఇప్పుడా రావడం’ అని కేకలేస్తుంటే మేం పగలబడి నవ్వేవాళ్లం. పక్కింటి పిల్లాడికి వారం రోజులు జ్వరం తగ్గలేదు. వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడేదో చేస్తోందన్నారు, ఆ పిల్లులు రాత్రుళ్లు ఊరికే తిరగడం లేదన్నారు. మా అమ్మే వెళ్లి, ‘మామ్మగారూ, కొన్నాళ్లు వాటిని పేరు పెట్టి పిలవకండి’ అని మెల్లిగా చెప్పొచ్చింది.

పిల్లాడికి జ్వరం తగ్గింది, టైఫాయిడ్ అట. మామ్మగారు మాత్రం మళ్లీ గడప దగ్గర కూర్చోలేదు. పెరట్లో గిన్నె పెట్టి, గోడ అవతలికి వినపడకుండా ‘ప్స్ ప్స్’ అనేవారు, అంతే.