మహారాజశ్రీ సిమెంటు రేకు గారికి

మహారాజశ్రీ సిమెంటు రేకు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. మీరు పగలకుండా కుశలంగా ఉన్నంతవరకే మేమూ కుశలమట. ఈ సంగతి ముప్పై రెండేళ్లు మీ నీడన బతికి, మిమ్మల్ని సాగనంపుదామని మేస్త్రీని పిలిచిన రోజున గానీ తెలియలేదు.

మీరు మా పెరటి వరండా మీదికి వచ్చింది 1993లో. అంతకుముందు అక్కడ తాటాకు పందిరి ఉండేది. తాటాకుకు నిప్పంటే భయం, చెదలంటే భయం, ఏటా కొత్త ఆకు కప్పకపోతే అలక. మీరు నిప్పుకు కాలరు, నీటికి కుళ్లరు. మా నాన్నగారు మిమ్మల్ని కొత్త అల్లుణ్ణి దింపుకున్నట్టు దింపుకున్నారు. అల్లుడి లాగే మీరు వేసవిలో మండిపడ్డారు, వానాకాలంలో ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడనివ్వలేదు. అయినా సర్దుకున్నాం. సున్నం కొట్టాం, సొరపాదు పాకించాం, కోతులు దూకి పగలగొట్టిన చోట తారు పూశాం.

మీ వంశం గురించి మాత్రం ఎవరూ ఆరా తీయలేదు. సిమెంటు రేకన్నారు, సిమెంటే అనుకున్నాం. ఆస్బెస్టాస్ అన్న మాట చెవిన పడితే అది కంపెనీ పేరనుకున్నాం. సుమారు పదో వంతు రాతినార మీ ఒంట్లో ఉందని, ఆస్బెస్టాస్ అంటే అదేనని మా అమ్మాయి చెప్పింది. గ్రీకులో ఆ మాటకు ఆరనిది అని అర్థమట. నిప్పు సంగతేమో గానీ, మీ దిగుమతి మాత్రం ఆరలేదు. మన పులివెందుల చుట్టుపక్కల కూడా మిమ్మల్ని తవ్వేవారు. 1986లో కొత్త గనులకు లీజులు ఆపేశారు. తవ్వడం తప్పు గానీ తెప్పించుకోవడం తప్పు కాదు గనుక, ఇప్పుడు రష్యా నుంచి ఓడెక్కి వస్తున్నారు. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర్లో మీకు తలుపులు మూసేశాయి. మిమ్మల్ని కొండలకు కొండలు తవ్వి లోకానికి పంచిన కెనడా కూడా 2018లో అదే పని చేసింది. మనది అతిథి దేవో భవ కదా, మనం మూయలేదు.

మేస్త్రీ నిచ్చెన ఎక్కి, "నాలుగు దెబ్బలు వేస్తే గంటలో కింద ఉంటాయండీ" అని సుత్తి ఎత్తాడు. మా అమ్మాయి ఒక్క అరుపు అరిచింది: "బాబాయ్, ముందు ఆ సుత్తి కింద పెట్టండి!"

మీరు కదలకుండా ఉన్నంతకాలం పెద్దమనిషే. పగలగొట్టినా, కోసినా, బెజ్జం వేసినా, రాలిన పొడిని చీపురుతో ఊడ్చినా కంటికి ఆనని పోగులై లేచి ఊపిరితిత్తుల్లో దిగుతారు. దిగాక తొందరపడరు. ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు ఆగి క్యాన్సర్‌గా పలకరిస్తారు. ఇంత ఓపిక నేను మా తాతగారి పొలం కేసులో తప్ప ఎక్కడా చూడలేదు.

అసలు మీరు మీరేనా అని తేల్చుకోవడమూ ఒక తంటా. రాతినార లేని రేకులు కూడా ఈమధ్య అచ్చం మీలాగే బూడిదరంగులో, అలలు అలలుగా వస్తున్నాయి. చూసి చెప్పలేం, ముక్క తీసి ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పెట్టించాలి. ముక్క తీయాలంటే విరవాలి. విరవకూడదనే కదా ఈ గొడవంతా! ఆనాటి రేకు గనుక ఉన్నట్టే లెక్క అనుకున్నాం.

సబ్బు కలిపిన నీళ్లు చల్లి మంగళస్నానం చేయించాం. తుప్పుపట్టి తిరగని బోల్టులను కత్తిరించాం తప్ప మీ ఒంటి మీద దెబ్బ పడనివ్వలేదు. మేస్త్రీ ముక్కుకు తువ్వాలు చాలన్నాడు. ఫిల్టర్లున్న మాస్కు బిగిస్తే, "ఊపిరాడటం లేదమ్మా" అన్నాడు. "అది తీస్తే ముందు ముందు అసలే ఆడదు బాబాయ్" అంది మా అమ్మాయి. బీడీ కోసం మూడుసార్లు దిగాడు. బీడీకీ మీకూ గొప్ప స్నేహమట. మీరిద్దరూ కలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు కూడిక కాదు, గుణకారం. పద్నాలుగు రేకులనూ ఇద్దరిద్దరు పట్టుకుని, ఉయ్యాలలోంచి పసిబిడ్డను తీసినట్టు దించారు. నేలను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ మీతోపాటే మందపాటి ప్లాస్టిక్ పట్టాలో రెండు చుట్లు చుట్టాం. మా నాన్నగారి షష్టిపూర్తికి కూడా ఇంత హడావిడి జరగలేదు.

తీరా ఇంత చేశాక, పంపడం ఎక్కడికి? చెత్త బండి అబ్బాయి "తడి చెత్తా, పొడి చెత్తా?" అని అడిగాడు. తడిపి దించాం గనుక ఏం చెప్పాలో తోచలేదు. ఒక కార్యాలయానికి ఫోను చేస్తే మరో కార్యాలయం నంబరు ఇచ్చారు. అక్కడివారు మొదటి నంబరే మళ్లీ ఇచ్చారు. ప్రమాదకర వ్యర్థాలకు హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ప్రత్యేక కేంద్రాలున్నాయి. అవి ఫ్యాక్టరీల లారీలు వెళ్లే చోట్లు. మా పద్నాలుగు రేకులతో ఆ గేటు ముందు నిలబడితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

మూడు వారాలుగా మీరు ప్రహరీ వారన పట్టా కప్పుకుని కూర్చున్నారు. నిన్న పక్క వీధి పెద్దాయన ఒకరు వచ్చి, మూటను వేలితో తట్టి చూశారు.

"బంగారంలా ఉన్నాయి కదండీ, ఊరికే పారేయడం ఎందుకు? నాలుగు ఇప్పించండి, గేదెల కొట్టం మీద వేసుకుంటాను. పొడవెక్కువైతే కోయించుకుంటాలెండి. మీ ఇంట్లో రంపం ఉందా?"

ఇట్లు,
మీ నీడన పెరిగిన ఒక ఇంటాయన