పదో తరగతి అయిన మర్నాడే మొదలుపెట్టకపోతే సీటు రాదా?

పదో తరగతి పరీక్షలు ముగిసే రోజుల్లో నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదీ: "ఆఖరి పరీక్ష రాసిన మర్నాటి నుంచే ఇంటర్ మొదలు. ఈ రెండు నెలలు ఇంట్లో కూర్చోబెడితే రెండేళ్లూ పోయినట్టే. జూన్‌కల్లా ఫస్టియర్ సిలబస్ సగం పూర్తి చేసిన వాళ్లకే ఐఐటీ, మెడిసిన్ సీట్లు. రోజుకు 16 గంటలు చదవాల్సిందే. ఐపీఈ (ఇంటర్ బోర్డు పరీక్షలు) మార్కులతో పనిలేదు. తెలుగు మీడియం, గవర్నమెంటు బడి పిల్లలు ఇప్పుడు బ్రిడ్జి కోర్సులో (కాలేజీ తెరవకముందు వేసవిలో నడిపే క్లాసులు) చేరకపోతే ఇక అందుకోలేరు. హాస్టల్లో వేయకుండా ర్యాంకు రాదు."

నేను ఈ ప్రాంతంలోనే ఫస్టియర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఈ మెసేజ్ చూసి బెదిరిపోయి, పొగాకు ఇంకా వేలానికి పోకముందే వడ్డీకి తెచ్చి ఫీజు కట్టిన వాళ్లను ఎరుగుదును. పొదిలి దగ్గర నుంచి వచ్చిన ఒక తండ్రి "ఇప్పుడు కట్టకపోతే సీటు పోతదంటుండారు సార్, ఏం చేయమంటారు" అని అడిగాడు. ఆయనకు చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు "జూన్‌కల్లా సగం సిలబస్" అన్న మాట చూద్దాం. మన ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఫస్టియర్‌ను ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌కు మార్చింది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్స్‌లో 14 పాఠాలు, కెమిస్ట్రీలో 9, మ్యాథ్స్‌లో 14 ఉన్నాయి. అంటే ఎంపీసీ పిల్లలకు 37. అందులో సగాన్ని ఏప్రిల్, మే నెలల్లో ముగించాలంటే వారానికి రెండు పాఠాలకు పైగా నడవాలి. మామూలుగా అర ఏడాది పట్టే పని అది. ఆ వేగంతో పాఠం చెప్పొచ్చేమో గానీ నేర్పడం కుదరదు. అందుకే ఆ పాఠాలనే జూన్‌లో మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు.

అలా రెండోసారి వింటే మంచిదే కదా అని మీరనొచ్చు. అక్కడే చిక్కు. బ్రిడ్జి కోర్సు చేసొచ్చిన క్లాసులో సూత్రాలు అడిగితే చేతులన్నీ లేస్తాయి. పైకి విసిరిన బంతి సరిగ్గా పై కొసన ఉన్నప్పుడు దాని త్వరణం ఎంత అని అడిగితే ఎక్కువమంది సున్నా అంటారు. ఆ క్షణంలో సున్నా అయ్యేది వేగం. త్వరణం అప్పుడూ సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే, కిందికే. సూత్రం నోటికొచ్చిన పిల్లాడికి ఆ తేడా ఆలోచించే వ్యవధి దొరకలేదు. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, "ఈ పాఠం నాకొచ్చు" అనుకుని జూన్‌లో చెవి ఇటు పెట్టడు. ఏమీ వినకుండా వచ్చిన పిల్లాడి కంటే ఇతనికి చెప్పడమే కష్టం.

నిజానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా పిల్లల్ని ఇబ్బంది పెట్టేది ఫస్టియర్ సిలబస్ కాదు. తొమ్మిది, పది తరగతుల్లో గట్టిపడని పనిముట్లు. ఈ విషయం మాత్రం ఏ మెసేజ్‌లోనూ కనిపించదు. ఫిజిక్స్ రెండో పాఠం సరళరేఖ మీద చలనం. అందులో వేగాన్ని అవకలనం (డిఫరెన్షియేషన్) రూపంలో రాయాలి. మ్యాథ్స్ పుస్తకంలో అవకలనం వచ్చేది పన్నెండో పాఠంలో. అంటే లెక్కల సార్ చెప్పడానికి నెలల ముందే నేను దాన్ని బోర్డు మీద వాడేస్తాను. గ్రాఫు వాలు అంటే ఏమిటో తెలిసిన పిల్లలు ఆ రోజు గట్టెక్కుతారు. తెలియని వాళ్లు ఆ రోజు నుంచే ఫిజిక్స్ అంటే భయపడతారు.

సంవర్గమానాల (లాగరిథమ్స్) సంగతీ అంతే. మన రాష్ట్రంలో పాత పదో తరగతి లెక్కల పుస్తకంలో అవి ఉండేవి, సమితులు కూడా ఉండేవి. 2024-25లో పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీకి మారింది, ఆ పుస్తకంలో సంవర్గమానాలు లేవు. కానీ కెమిస్ట్రీలో పీహెచ్ కట్టాలంటే అవి కావాలి. మూలకాల వర్గీకరణ పాఠాన్ని కూడా ఎన్‌సీఈఆర్‌టీ తన పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి తీసేసింది. ఇప్పుడు వచ్చే పిల్లలకు ఎక్కడ ఖాళీలున్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ ఖాళీలు నింపుకోవడానికి ఈ రెండు నెలలు చక్కగా సరిపోతాయి. దానికి అప్పు చేయక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఏం చేయాలంటే, రోజూ పొద్దున ఎండ ముదరకముందు గంటన్నర, రెండు గంటలు కూర్చుంటే చాలు. భిన్నాలు, ఘాతాంకాలు, పది ఘాతాల్లో గుణకారాలు భాగాహారాలు కాలిక్యులేటర్ లేకుండా చేయాలి. ఒక సూత్రం ఇస్తే అందులోంచి అడిగిన రాశిని విడదీయాలి. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లని కాగితం ముట్టకుండా చెప్పగలగాలి. త్రికోణమితి విలువలు, సరూప త్రిభుజాలు, వర్గ సమీకరణాలు తడబడకుండా రావాలి. సంవర్గమాన సూత్రాలు ఒక వారం పని. మొదటి 30 మూలకాల పేర్లు, సంకేతాలు, వేలన్సీ, సమీకరణాలు తుల్యం చేయడం ఇంకో రెండు వారాలు. ఇవి వచ్చిన పిల్లాడు జూన్‌లో ఒక్క కొత్త పాఠం చదవకుండా వచ్చినా నాకు దిగుల్లేదు.

బైపీసీ తీసుకునే వాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లకు జూన్ తర్వాత లెక్కల క్లాసు ఉండదు. కానీ నీట్‌లో 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్స్‌వి, అందులో లెక్కలు తప్పవు. "మా పాపకు మ్యాథ్స్ పడదు, అందుకే బైపీసీ" అని చేర్పిస్తారు, రెండేళ్ల తర్వాత ఆ 45 ప్రశ్నల దగ్గరే సీటు జారిపోతుంది. ఈ వేసవిలో ఆ పాపకు బోటనీ ముందుగా చెప్పించే బదులు త్రికోణమితి, గ్రాఫులు కూర్చోబెట్టి చేయించండి.

ఇక "వాళ్లకే సీట్లు" అన్న మాట. 2025లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షలకు పైనే. దేశంలోని ఐఐటీలన్నిటిలో కలిపి సీట్లు 18 వేలు. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన వాళ్లలోనూ అత్యధికులకు రాదు. వాళ్లు ఆలస్యం చేశారని కాదు, ఉన్న సీట్లే తక్కువ. పైగా జూన్‌లో మొదలుపెట్టిన పిల్లాడికి సెకండియర్ జనవరిలో జరిగే మొదటి జేఈఈ మెయిన్‌కు 19 నెలల వ్యవధి ఉంటుంది. నీట్ మేలో కాబట్టి దానికి 23 నెలలు. ఆ దూరంలో రెండు నెలల ముందుపరుగు మిగలదు. ఏప్రిల్‌లో అలసిపోయి ఆగస్టుకల్లా చదువంటే విసుగెత్తిన పిల్లల్ని ప్రతి ఏడూ చూస్తున్నాను.

రోజుకు 16 గంటల చదువు అన్నది మరీ అన్యాయమైన మాట. మిగిలేది 8 గంటలు. అందులోనే స్నానం, తిండి, క్లాసుకీ మెస్‌కీ తిరగడం, ఇంటికి ఫోన్, నిద్ర అన్నీ. నిద్రకు మిగిలేది ఐదు, ఐదున్నర. 13 నుంచి 18 ఏళ్ల వయసుకు రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. నిద్ర కోసేసి చదివించిన గంటలు చాలావరకు తెల్లారేసరికి పోతాయి. తెల్లవారుజామున స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి కూర్చుని కళ్లు మూతలు పడుతున్న పిల్లల్ని ఎవరైనా ఒక్కసారి వెళ్లి చూడండి. ఆ గంట లెక్కలోకి ఎలా వస్తుంది? ఎన్ని గంటలు కూర్చున్నాడని అడక్కండి. ఈ రోజు పుస్తకం మూసి సొంతంగా ఎన్ని లెక్కలు చేశావు, ఎక్కడ ఆగిపోయావు అని అడగండి.

దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఫస్టియర్‌లో పిల్లల్ని కుంగదీసేది సిలబస్ బరువు కూడా కాదు, మొదటి కొన్ని వీకెండ్ టెస్టులు. పదిలో 600కు 580 తెచ్చుకుని బడిలో ఫస్టు వచ్చిన పిల్ల. ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు. జేఈఈ పద్ధతిలో పెట్టిన పరీక్షలో 300కు వంద కూడా దాటవు. 75 ప్రశ్నలకు మూడు గంటలు, ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా రావు, తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. అలాంటి పేపరు ఆ పిల్ల జన్మలో చూడలేదు. అది తెలివి తగ్గిపోవడం కాదు, ఆట నియమాలు మారడం. కానీ ఆ మార్కులు గోడ మీద అంటిస్తారు, సెక్షన్ మారుస్తారు, ఆదివారం ఫోన్లో అమ్మానాన్న "ఏంటీ మార్కులు" అంటారు. వేసవిలో తల్లిదండ్రులు సిద్ధం చేయాల్సింది దీనికి. "మొదటి మూణ్నాలుగు నెలలు మార్కులు తక్కువొస్తాయి, అది మామూలే, మేము కోప్పడం" అని ముందే చెప్పి ఉంచండి. చెప్పాక ఆ మాట నిలబెట్టుకోండి.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ ప్రాణం పోగొట్టుకున్న ఒక బాలిక కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ చులకన చేయడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంతవరకు మానాలని అందులో ఉంది. వందమంది, ఆపైన విద్యార్థులున్న చోట అర్హతగల కౌన్సిలర్ ఉండాలని కూడా ఉంది.

ఐపీఈ మార్కులతో పనిలేదన్నది పచ్చి అబద్ధం. ఎంపీసీలో మొత్తం 1000 మార్కులకు 470 ఫస్టియర్‌వే. ఎన్ఐటీలు, ఐఐటీల్లో చేరాలంటే ఎంత ర్యాంకు వచ్చినా ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే అందరికంటే పైనున్న 20 శాతం మందిలో ఉండాలి. మన రాష్ట్ర ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. మన జిల్లాల పిల్లల్లో ఎక్కువమంది చివరికి ఇంజనీరింగ్‌లో చేరేది ఈఏపీసెట్‌తోనే. అందులో నెగెటివ్ మార్కులు కూడా లేవు.

తెలుగు మీడియం పిల్లలు, గవర్నమెంటు బడి పిల్లలు అందుకోలేరన్న మాట చదివినప్పుడు మాత్రం నాకు కోపం వస్తుంది. జేఈఈ మెయిన్, నీట్ రెండూ తెలుగు సహా 13 భాషల్లో రాయొచ్చు. పదో తరగతిలో ఇప్పుడు ఉదయగిరి జెడ్పీ హైస్కూల్లో చదివిన పిల్లా, ఒంగోలు సీబీఎస్ఈ స్కూల్లో చదివిన పిల్లా ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలే చదువుతున్నారు. తేడా ఇంగ్లీషులో పాఠం వినే అలవాటు దగ్గర ఉంటుంది. ఆ అలవాటు వేసవిలో రోజుకో పేజీ పైకి చదివితే వస్తుంది. కనిగిరి, పామూరు మెట్ట ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఒక గుణం ఉంటుంది, రాని లెక్క దగ్గర ఓపిగ్గా కూర్చుంటారు. ఫస్టియర్‌కు దానికి మించిన అర్హత నేనైతే చూడలేదు. మీకు సాధ్యం కాదని ఫోన్లో రాసి పంపేవాళ్లకు ఆ హక్కు ఎవరిచ్చారు?

హాస్టల్ గురించి ఒకే మాట అందరికీ చెప్పలేను. సీతారాంపురం మండలంలోని ఊరి నుంచి రోజూ నెల్లూరు వచ్చి చదవడం జరిగే పని కాదు, ఆ పిల్లకు హాస్టల్ తప్పదు. నెల్లూరులోనే ఇల్లు ఉండి, ఇంట్లో ఒక మూల టేబులు వేసుకునే వీలుండి, అందరూ వేస్తున్నారని హాస్టల్లో వేయడం మాత్రం అనవసరం. ఇంటి అన్నం తిని, వేళకు పడుకున్న డే స్కాలర్లు వెనకబడటం నేను చూడలేదు.

వేయాల్సి వస్తే డబ్బు కట్టకముందే స్వయంగా వెళ్లండి. రిసెప్షన్‌లో కూర్చోకుండా పిల్లలు పడుకునే గది, బాత్రూములు, తాగే నీళ్లు చూడండి. లైట్లు ఎన్నింటికి ఆర్పుతారు, ఎన్నింటికి లేపుతారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, ఇంటికి ఎప్పుడు ఫోన్ చేయనిస్తారు, కౌన్సిలర్ ఎవరు అని అడగండి. ఫస్టియర్ చదువుతున్న పిల్లలతో పక్కన ఎవరూ లేనప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడండి. కాలేజీలో పిల్లల్ని చేర్పించే పీఆర్వో "ఈ రోజు రిజర్వ్ చేసుకోకపోతే సీటుండదు" అంటే ఆ రోజు కట్టకండి. వేసవి సెలవుల్లో క్లాసులు నడపొద్దని ఇంటర్ బోర్డు కాలేజీలకు చెబుతూనే వస్తోంది. కోచింగ్ సెంటర్లకైతే కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది: 16 ఏళ్లు నిండకుండా, లేదా పదో తరగతి పరీక్షలు కాకుండా చేర్చుకోకూడదు, ర్యాంకు గ్యారంటీ అని చెప్పకూడదు, రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు పెట్టకూడదు, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్ డబ్బుతో సహా పది రోజుల్లో తిరిగివ్వాలి. కట్టే ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. దేనికి ఎంతో అందులో విడివిడిగా రాయించండి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కూడా.