సీరియల్ లైట్ల పాటల డబ్బాగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సీరియల్ లైట్ల పాటల డబ్బాగారికి, గుంటూరు నుంచి పై అంతస్తువాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. అబద్ధం రాయలేక వదిలేస్తున్నాను. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. అది వీధి చివర కిళ్ళీ బడ్డీ దాకా వినపడుతూనే ఉంది.

నిరుడు డిసెంబరు మొదటివారంలో కింది ఫ్లాటువాళ్ళు పట్నం బజారుకు వెళ్ళి లైట్లు కొన్నారు. వాళ్ళు అడిగింది లైట్లే. పెళ్ళికూతురితో పాటు దిగిన మేనత్తలా మీరు వెంట వచ్చారు. మీకు విడిగా స్విచ్ లేదు. మీ నోరు మూయించాలంటే లైట్లు కూడా ఆర్పాలి. పండగపూట ఇంటి ముందు దీపాలు ఆర్పమని ఏ మొహం పెట్టుకుని చెబుతాం? ఆ మొహమాటం మీదే మీ కచేరీ అంతా నడుస్తోంది.

చూడబోతే అగ్గిపెట్టెంత ఉంటారు. లోపల ఒక చిప్పు, ఒక పల్చటి బిళ్ళ. ఆ బిళ్ళ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, అదీ ముక్కుతో. అయినా పాటకీ పాటకీ మధ్య ఊపిరి తీసుకోరు. ఒక పాట తోక పట్టుకుని ఇంకో పాట వచ్చేస్తుంది. ఏది ఎక్కడ అయిపోయిందో తెలుసుకునేలోపు మూడోదాంట్లో ఉంటారు.

మీ మొదటి పాట జింగిల్ బెల్స్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్ళీ దాని దగ్గరే ఎత్తుకుంటారు. మా వీధిలో కరెంటు సంగతి మీకూ తెలుసు. అందుకని మీ జాబితాలో చివరి పాట ఏదో ఈ అపార్ట్‌మెంటులో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. మొదటిది మాత్రం రెండేళ్ళ పిల్లాడి నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ కంఠతా వచ్చేసింది.

ఆ పాట సంగతి అడగాలని ఎన్నాళ్ళుగానో ఉంది. 1857లో అమెరికాలో జేమ్స్ పియర్‌పాంట్ అనే ఆయన దాన్ని అచ్చువేయించాడు. ఒక కుర్రాడు మంచుబండికి గుర్రాన్ని కట్టి, పక్కన అమ్మాయిని కూర్చోబెట్టుకుని షికారు పోతాడు, బండి కాస్తా మంచు దిబ్బలో తిరగబడుతుంది. అదీ కథ. అందులో బెత్లెహేము లేదు, గొల్లలు లేరు, పశువుల పాక లేదు, చివరికి క్రిస్మస్ అన్న మాటే లేదు. మా గుంటూరులో డిసెంబరు మధ్యాహ్నం ఫ్యాను వేసుకుని కూర్చుని ఆ మంచుబండి కోసం మేమెందుకు ఊగాలో మీరే చెప్పాలి. తప్పించుకుందామన్నా చోటు లేదు. 1965 డిసెంబరు 16న జెమిని 6 వ్యోమగాములు మౌతార్గాన్, చిరుగంటలు పట్టుకెళ్ళి అంతరిక్షంలో కూడా దాన్నే వాయించారు.

మంచుబండితో పేచీ లేదు, పోనివ్వండి. సైలెంట్ నైట్‌ని మీరు చేస్తున్నదానికే నాకు కడుపు మండుతోంది. 1818 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్ళో, మాట రాసిన జోసెఫ్ మోర్, బాణీ కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్, ఒక గిటారు పెట్టుకుని పాడిన పాట అది. తెలుగులో శుద్ధరాత్రి అని మా అమ్మమ్మల కాలం నుంచీ పాడుతున్నారు. అందరూ నిద్రపోతున్నారని ఆ పాటే చెబుతుంది. మీరు దాన్ని రాత్రి ఒంటిగంటకు జింగిల్ బెల్స్ వేగంతో, ఎర్ర బల్బూ పచ్చ బల్బూ చిటపటమని కొట్టుకుంటుండగా వినిపిస్తారు. ఎవరు నిద్రపోతారండీ?

ఇక్కడి పాట ఒక్కటీ మీ దగ్గర లేదని ఎవరైనా చెప్పారా? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ కింది ఫ్లాటులోనే ఉంది, టీవీ పక్కన, అట్ట ఊడిపోయి. చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిలాంటి వాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలోనే కర్ణాటక బాణీల్లో క్రీస్తు కీర్తనలు కట్టి పెట్టారు. పాడేటప్పుడు ఆ రాగం పేరు ఎవరూ చూడరనుకోండి, అది వేరే సంగతి. మా పెద్దమ్మ పట్టే శ్రుతికి ఏ రాగమూ బాధ్యత వహించదు. కానీ చరణం చివర ఆవిడ తీసే సాగదీత కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. ఆ సాగదీత మీ చిప్పులో పట్టదు.

పోయిన డిసెంబరు 23 రాత్రి మీరు చేసిన నిర్వాకం గుర్తుండే ఉంటుంది. ఇంటింటికీ పాడుతూ తిరిగే కేరల్స్ వాళ్ళు తొమ్మిదింటికి వస్తామని చెప్పి మామూలుగానే పన్నెండున్నరకు వచ్చారు. ట్రాలీ ఆటోలో కీబోర్డు, డోలక్, వెనక క్రిస్మస్ తాత వేషంలో చెమటలు కక్కుతున్న ఇంజనీరింగు కుర్రాడు. కీర్తన బాగానే సాగింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. ఆ నిశ్శబ్దం చూసి మీకు అవకాశం దొరికినట్టయింది. జింగిల్ బెల్స్ మొదలుపెట్టారు. మీ శ్రుతి వినగానే కీబోర్డు అబ్బాయి చేతులు అలవాటు కొద్దీ కదిలాయి, డోలక్ అందుకుంది. పాస్టరుగారు గొంతు పెంచారు, మీరేం తగ్గలేదు. ఆమెన్ అనేసరికి మీరు మూడో పాట మధ్యలో ఉన్నారు. కేకు, టీ పుచ్చుకునేటప్పుడు కూడా ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, నవ్వొస్తుందని.

ఇంకో మాట. డిసెంబరు నడిమికి ధనుర్మాసం వస్తుంది. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై. రోజుకొక్క పాశురం చొప్పున నెల రోజులు ఓపిగ్గా వినిపిస్తారు వాళ్ళు. ఆ మైకు గట్టిగానే ఉంటుంది, కాదనను. కానీ పాట మీద పాట కుమ్మరించి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్ళీ మొదటికి వచ్చే అలవాటు దానికి లేదు. సంక్రాంతి దాకా మిమ్మల్ని దించే ఓపిక కింది ఫ్లాటువాళ్ళకు ఉండదు గనక, హరిదాసు వచ్చి గుమ్మం ముందు చిడతలు వాయించినప్పుడు కూడా మీరు మంచుబండే తోలుతారు. పోయినసారి ఆయన ఒక క్షణం ఆగి, తాళం సరిచూసుకుని, మీతో కలిపేశాడు.

అందుకే ఈసారి ఒక ఉపాయం ఆలోచించాను. కేరల్స్ వాళ్ళు వచ్చే రాత్రి మా వీధికి ఒక గంట కరెంటు తీసేయమని కరెంటు ఆఫీసుకు అర్జీ రాశాను. కోత కావాలని అర్జీ పెట్టుకునేవాణ్ణి వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. సంతకం కూడా పెట్టాక, గంట తర్వాత కరెంటు తిరిగొస్తే మీరు మళ్ళీ మొదటి పాట నుంచి ఎత్తుకుంటారని గుర్తొచ్చి చింపేశాను.

ఇట్లు,
పై అంతస్తు, వీధివైపు కిటికీ